‘అక్సోరియస్’ అన్నారు, తిట్టినట్టా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. చెన్నైలో ఉద్యోగం. పెళ్ళయి రెండేళ్ళు. మా ఆవిడ తాతగారు రైలు పెట్టెల కర్మాగారంలో పనికి వచ్చి పెరంబూరులో స్థిరపడ్డారు. ఆ ఇంటి మేడ మీద మా కాపురం, కింద అత్తమామలు. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. పొద్దున ఆమె బాక్సు నేనే కడతాను, చీరలు ఇస్త్రీ చేస్తాను, సాయంత్రం ఆరు దాటితే ఆఫీసులో ఉండను. మా పై అధికారి తమిళాయన, ఇంగ్లీషు గళ్ళ నుడికట్టు పూరించనిదే కాఫీ ముట్టరు. మొన్న భోజనాల దగ్గర అందరి ముందూ నన్ను ‘అక్సోరియస్’ అన్నారు. పక్కనున్న అబ్బాయి ‘పొండాట్టి దాసన్’ అని దానికి తమిళం చెప్పాడు. అందరూ నవ్వారు. ఫోనులో చూస్తే ‘భార్య మీద మితిమీరిన ప్రేమ గలవాడు’ అని ఉంది. సరదాగా అన్నయ్యకు చెప్పాను. ఆయన దాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇప్పుడు పిన్నులు, బాబాయిలు నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ‘వాణ్ణి కొంగుకు కట్టేసుకుంది’ అని అమ్మ అందట. అన్నయ్య ఇంటి శ్లాబుకు రెండు లక్షలు అడిగితే ఆవిడను అడిగి చెబుతానన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉన్నాడు. ఆవిడకు సెలవు దొరకక సంక్రాంతి తర్వాత ఊరికి వెళ్ళలేదు. ఆవిడ మాత్రం ‘ఇంత అక్కర్లేదు, నా బాక్సు నేను కట్టుకోగలను’ అంటుంది, మొహమాటం మనిషి. ఈ ఇంగ్లీషు మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఇది తిట్టా? నేను మారాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, చెన్నై

జవాబు: మీ అధికారి మాటను సరిగ్గానే వాడారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ నోట కూడా అరుదుగా వినిపించే మాట అది. ఎనిమిది అక్షరాలు, రెండో అక్షరం ఎక్స్. నుడికట్టు కూర్చేవాళ్ళకు ముచ్చటైన సరుకు, కాబట్టి ఆయనకు అక్కడే దొరికి ఉంటుంది. అర్థం మీరు ఫోనులో చూసిందే. కాకపోతే అందులో ‘మితిమీరిన’ అన్న ముక్క ఉంది చూశారా, అది మాత్రం నిఘంటువు తేల్చగల సంగతి కాదు. ప్రేమ ఉందో లేదో చూసి చెప్పవచ్చు. మితి ఎక్కడుందో చెప్పాలంటే గీత గీసే మనిషి ఒకరు కావాలి. మీ విషయంలో ఆ గీతను ఒకసారి అధికారి గీశారు, ఒకసారి అన్నయ్య, ఒకసారి అమ్మ. నాలుగో మనిషి కూడా ఒకరు గీశారు, మీరు గమనించలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు పుట్టుక. లాటిన్‌లో ‘ఉక్సోర్’ అంటే భార్య. ‘ఉక్సోరియుస్’ అంటే భార్యకు సంబంధించినది, అంతే. మొదట్లో అందులో ఎగతాళి లేదు. కాపురం తెగిపోతే ఇచ్చిన కట్నం తిరిగి రాబట్టుకోవడానికి రోమన్ న్యాయస్థానాల్లో ఒక దావా ఉండేది. దాని పేరులో ఈ మాటే ఉంది, ‘భార్య సొమ్ము’ అనే అర్థంలో. ఇంకా తమాషా, పెళ్ళి చేసుకోని మగవాళ్ళ నుంచి పూర్వం రోము వసూలు చేసిన సుంకానికి కూడా ఇదే పేరు. భార్య లేనివాడు ఆ సుంకం కట్టాలి, భార్య మీద మోజు ఎక్కువైనవాడు మాట పడాలి. రోమన్లు మగవాణ్ణి ఎటూ కదలనివ్వలేదు.

ఎగతాళి ఎప్పుడు చేరిందో గానీ, క్రీస్తుకు ముందే, మహాకవి వర్జిల్ నాటికే బాగా కుదురుకుంది. ఆయన కావ్యంలో నాయకుడు ఈనియాస్ తగలబడిన ట్రాయ్ నుంచి బయటపడి, ఇటలీలో కొత్త రాజ్యం స్థాపించాల్సినవాడు, దారిలో కార్తేజ్ రాణి డీడో దగ్గర ఆగిపోతాడు. దేవతల దూత మెర్క్యురీ దిగివచ్చేసరికి అతను అక్కడ కోటలకు పునాదులు తీయిస్తూ కనిపిస్తాడు. రాణి ఇచ్చిన ఎర్రని పైవస్త్రం భుజాన ఉంటుంది. దూత అతణ్ణి ఈ మాటతోనే దెప్పుతాడు: ఆడదాని మోజులో పడి ఆమెకు పట్నం కట్టిపెడుతున్నావు, నీ రాజ్యం సంగతి మరిచిపోయావు అని. ఇక్కడ నేరం ప్రేమ కాదు. ఎవరి పట్నానికి రాళ్ళు మోస్తున్నావన్నదే పేచీ. మీ అన్నయ్య ముభావం కూడా శ్లాబు దగ్గరే మొదలైందని మీరే రాశారు. రెండు వేల ఏళ్ళు గడిచినా కట్టడాల గొడవ తీరినట్టు లేదు.

రోమన్ పెద్దమనుషులకు ఈ విషయంలో ఎంత బెరుకో చెప్పే కథ ఒకటి, గొప్పవాళ్ళ జీవితచరిత్రలు రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టాడు. కేటో అని ఒక కరకు నియమాల మనిషి క్రీ.పూ. 184లో సెన్సార్ పదవిలోకి వచ్చాడు. సెనేట్‌లో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో తేల్చే అధికారం ఆ పదవిది. మనీలియస్ అనే సభ్యుణ్ణి ఆయన సెనేట్ నుంచి తీసేశాడు. ఏమిటయ్యా నేరమంటే, పట్టపగలు, కూతురు చూస్తుండగా, సొంత భార్యను కౌగిలించుకున్నాడట. తాను మాత్రం పెద్ద ఉరుము ఉరిమితే తప్ప భార్యను దగ్గరకు తీసుకోనని కేటో చెప్పుకునేవాడు. ఉరుములు వచ్చినప్పుడే తన అదృష్టం పండుతుందని మళ్ళీ తనే హాస్యమాడేవాడు. మనిషి కరకువాడే గానీ రసికుడు కాకపోలేదు. మీ ఆఫీసులో అలాంటి అధికారి లేనందుకు సంతోషించండి. మీకు జరిగిన నష్టమల్లా ఒక నవ్వు.

ఇంగ్లీషులోకి ఈ మాట 16వ శతాబ్ది చివర వచ్చింది. లాటిన్ చదువుకున్నవాళ్ళు తెచ్చుకున్నది, అందుకే ఇప్పటికీ బడివాసన పోలేదు. ఇంగ్లీషు కవి మిల్టన్ 1667లో అచ్చయిన మహాకావ్యంలో సొలొమోను రాజుకు ఈ విశేషణం తగిలించాడు. ఏడు వందల మంది భార్యలున్న ఆ రాజు వాళ్ళ మాట విని అన్య దేవతలకు మొక్కాడని బైబిలు కథ. ఏడు వందల మందిని కట్టుకున్నవాడు పెళ్ళాం దాసుడైతే ఎవరికి దాసుడో తేల్చడం కష్టం, కానీ మిల్టన్‌కు అంత వెసులుబాటు లేదు. ఆయన సొంత కథ వేరు. 1642లో పెళ్ళాడిన అమ్మాయి నెల తిరిగీ తిరగకముందే పుట్టింటికి వెళ్ళి, మూడేళ్ళు రాలేదు. ఈలోగా ఆయన విడాకులు న్యాయమేనంటూ పుస్తకం రాసి పడేశాడు. భార్య మీద ప్రేమ ఎంతుంటే ఎక్కువో చెప్పేవాళ్ళ కాపురాలు ఎలా నడిచాయో చూడటం నాకు అలవాటు. చెడ్డ అలవాటే అనుకోండి, వదలదు.

ఇప్పుడు అసలు కిటుకు. భర్త మీద అతిప్రేమ గల భార్యకు ఇంగ్లీషులో మాట ఏమిటి? ఉందండీ, ఉన్నట్టే లెక్క. జార్జ్ చాప్‌మన్ అనే నాటకకర్త 1607లో ‘మారిటోరియస్’ అని ఒక మాట కట్టాడు. లాటిన్‌లో ‘మారిటుస్’ అంటే భర్త. మెచ్చుకోదగినదనే అర్థం వచ్చే మరో ఇంగ్లీషు మాటతో ప్రాస కుదిరేలా, మగడి మీద మోజు పడే ఆడవాళ్ళను మెచ్చుకోనక్కర్లేదని ఒక పాత్ర చేత అనిపించాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది, ఎవరూ వాడలేదు. అవసరం పడలేదు మరి. భర్తను అతిగా ప్రేమించే ఆడదాన్ని లోకం వేలెత్తి చూపితే కదా దానికి ఒక పేరు కావలసింది! మన దగ్గరా అంతే. భర్తే లోకమని బతికిన ఆవిడ పతివ్రత, ఆవిడ పేరు చెప్పుకుని నోములు నోస్తాం. భార్యే లోకమన్నవాడు భార్యావిధేయుడు, ఆ మాట అంటూనే నవ్వేస్తాం. ‘తల్లి అల్లం, పెళ్ళాం బెల్లం’ అని సామెత ఉంది. మగడు బెల్లమైన సామెత నాకు తట్టడం లేదు.

ఇంగ్లీషు దస్తావేజుల్లో భర్త పేరు పూర్తిగా రాసి, పక్కన ‘ఎట్ అక్స్’ అని రెండు పొట్టి ముక్కలు వేసే పద్ధతి ఒకటి ఉండేది. ‘మరియు భార్య’ అని దానికి అర్థం. ఆమె పేరు కూడా అవసరం లేదన్నమాట. మీ అధికారి వాడిన మాటకు తోబుట్టువే అది. భార్యకు పేరు రాయడానికే బద్ధకించిన లోకం, ఆమెను ఎక్కువగా తలచుకునేవాడికి మాత్రం శ్రద్ధగా ఒక పేరు పెట్టింది.

ఈ మాటల కుటుంబంలో మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. పెళ్ళయ్యాక దంపతులు భార్య పుట్టింటివారి దగ్గర ఉండే పద్ధతిని మానవశాస్త్రజ్ఞులు ‘అక్సోరిలోకల్’ అంటారు. మనం ఇల్లరికం అంటాం. మీ బంధువుల నవ్వులో నిజంగా గుచ్చుకునే ముల్లు అదేనని నా అనుమానం. బాక్సు కట్టడం, చీర ఇస్త్రీ చేయడం కావలికి కనిపించవు. పెరంబూరులో అత్తగారి మేడ మీద ఉంటున్నాడన్నది మాత్రం ఊరంతటికీ తెలుసు. అద్దె ఇస్తున్నారో లేదో మీరు రాయలేదు. ఇస్తుంటే ఆ సంగతి అమ్మకు మాటల్లో తెలియనివ్వండి. ఇవ్వకపోతే ఇవ్వడం మొదలుపెట్టండి. మామగారు వద్దంటారు, అయినా ఇవ్వండి.

తిట్టా అని అడిగారు. దెప్పు, తిట్టు కాదు. భార్యకు భయపడేవాడికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, కోడిపెట్ట ముక్కుతో పొడిచిందన్న ఊహ మీద కట్టింది. మీ మాటలో భయం లేదు, ప్రేమే ఉంది, ‘ఎక్కువ’ అన్న ఫిర్యాదుతో. అసలు ఇంగ్లీషుకు ప్రేమ కాస్త పొంగితే బుద్ధి తప్పిందని అనుమానం. ఇష్టానికి వాళ్ళు రోజూ వాడే ‘ఫాండ్’ అనే మాటకు మొదటి అర్థం తెలివితక్కువ అనే. ముద్దు చేయడానికి వాడే ‘డోట్’కు మతి చలించడమని. మనమూ పెద్ద ఘనులమేమీ కాదు లెండి. మోహం, మూఢుడు, ముగ్ధ ఒకే ధాతువు పిల్లలు. అయితే మన కవులకు ఇందులో సరదా కూడా ఉంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో అలిగిన సత్యభామ కాళ్ళ మీద కృష్ణుడు తల పెడితే ఆమె ఎడమకాలితో తన్నింది. ఆయన ఏమన్నాడు? దాసుణ్ణి, తన్నితే నాకు మన్ననే, నా ఒళ్ళు పులకరించి లేచిన రోమాలు ముళ్ళలా గుచ్చుకుని నీ పాదం నొచ్చుకుంటుందేమో అన్నాడు. పద్నాలుగు లోకాలు ఏలేవాడి చేత రాయలవారి సభలో ఆ మాట అనిపించి మెప్పు పొందాడు తిమ్మన. కేటో విని ఉంటే ఉరుము కోసం ఆకాశం వైపు చూసేవాడు.

ఇక మారాలా అన్న ప్రశ్న. మీ అధికారి నవ్వు కోసం మారనక్కర్లేదు. ఆరింటికి ఇంటికి వెళ్ళడం ఆయనకు నచ్చకపోతే పని మిగిలిందా అని సూటిగా అడగండి. మిగల్లేదంటే లేచి రండి. ఈసారి భోజనాల దగ్గర ఆ మాట మళ్ళీ వస్తే, దీనికి జోడీ అయిన పదకొండక్షరాల మాట చెప్పమని ఆయననే అడగండి. చాప్‌మన్ మాట తట్టేదాకా ఆయనకు కాఫీ రుచించదు.

నాలుగో గీత సంగతి చెబుతానన్నాను. మీ ఉత్తరంలో మీ ఆవిడ ఒక్కసారే నోరు విప్పారు. ‘ఇంత అక్కర్లేదు, నా బాక్సు నేను కట్టుకోగలను’ అన్నారు. మీరు దాన్ని మొహమాటం కింద కట్టేసి ముందుకు వెళ్ళిపోయారు. నాకైతే అందులో మొహమాటం కనబడలేదు. బ్యాంకులో రోజంతా ఇతరుల డబ్బు లెక్క చూసే మనిషి, తనకు ఏది కావాలో ఏది అక్కర్లేదో చెప్పలేకపోరు. కింద అమ్మ ఉంది, పైన మీరు. ఇద్దరూ చేసిపెట్టేవాళ్ళే. తనకు నచ్చిన పచ్చడి తను వేసుకుని, తను మూత పెట్టుకుని వెళ్ళే పొద్దు ఆవిడకు ఎప్పుడు దొరుకుతుంది? మితి గీయడానికి హక్కున్న మనిషి ఆవిడ ఒక్కరే. గీసి చూపించారు కూడా. రేపు పొద్దున బాక్సు దగ్గర నుంచి లేచి నిలబడి, ‘ఏవి నన్ను చేయమంటావు, ఏవి వద్దంటావు’ అని అడగండి. ఇస్త్రీ ఉంచి బాక్సు తీసేయమంటారేమో, రెండూ తీసేసి సాయంత్రం మాంబళం స్టేషను మెట్ల దగ్గర మూరెడు మల్లెపూలు చాలంటారేమో. చెప్పింది చేయండి. వద్దన్నా చేస్తే అది మీ ముచ్చట, ఆవిడ సుఖం కాదు.

అన్నయ్య సంగతిలో మాత్రం మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. రెండు లక్షలు అడిగితే ‘ఆవిడను అడిగి చెబుతాను’ అన్నారు. అడిగారా? అడిగితే ఆవిడ ఏమన్నారు? ఉత్తరంలో ఆ ఊసే లేదు. సంక్రాంతి తర్వాత ఊరికి వెళ్ళలేదు, ‘ఆవిడకు సెలవు దొరకక’. మీకు దొరికిందా? సెంట్రల్‌లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి కావలిలో ఉండవచ్చు. మీకు ఇవ్వబుద్ధి కానప్పుడు, వెళ్ళబుద్ధి కానప్పుడు, ఆవిడ పేరు ముందు పెట్టి వెనకాల మీరు నిలబడుతున్నారు. భార్యతో సంప్రదించడం వేరు, భార్యను తలుపులా మూసుకోవడం వేరు. అటువైపు వాళ్ళకు కనిపించేది తలుపే కదా, తిట్లన్నీ దానికే తగులుతాయి. ‘కొంగుకు కట్టేసుకుంది’ అని మీ అమ్మగారు అన్నది మిమ్మల్ని కాదు, ఆవిడను. గ్రూపులో మీ మీద వేసిన మాటకు మీరు నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆవిడ మీద పడిన నింద మీ వల్ల పడింది, దాన్ని తీసేయాల్సింది మీరే.

తీసేయడం పెద్ద పనేమీ కాదు. అన్నయ్యకు ఫోను చేయండి. గ్రూపులో రాయవద్దు, పిన్నుల ముందు తేలే లెక్క కాదిది. ఇవ్వగలిగితే ఎంత ఇవ్వగలరో చెప్పండి: లక్ష ఇప్పుడు, మిగతాది ఎప్పుడు, ఏదైతే అది. ఇవ్వలేకపోతే ‘నా దగ్గర లేదన్నయ్యా’ అనండి, ‘నేను ఇవ్వలేను’ అనండి. ‘మేము’ అనే మాట కూడా ఈ ఒక్క ఫోనులో వాడవద్దు, అందులోంచి మళ్ళీ ఆవిడను బయటికి లాగుతారు. ఆవిడతో ముందే మాట్లాడుకోండి, ఇద్దరి డబ్బు కాబట్టి మాట్లాడుకోవాలి. తేలిన మాట మాత్రం మీ నోటితో, మీ పేరుతో వెళ్ళాలి. అన్నయ్యకు కోపం వస్తే రానివ్వండి, తమ్ముడి మీద కోపం ఎన్నాళ్ళో నిలవదు. మరదలి మీద కోపం అలా కాదు, శ్లాబు పోసి గృహప్రవేశం అయ్యాక కూడా ఉంటుంది.

అమ్మ దగ్గరకు ఈ నెలలోనే వెళ్ళిరండి. ఆవిడకు సెలవు దొరికితే ఇద్దరూ, దొరక్కపోతే మీరొక్కరే. ఒక్కడివే వచ్చావేమని అడుగుతారు. బ్యాంకులో పని ఉందని ఒక్క ముక్కలో చెప్పి, అమ్మ కళ్ళకు, మోకాళ్ళకు ఏ మందులు వాడుతోందో కనుక్కోండి. వంటింట్లో కూర్చుని నాలుగు వంకాయలు తరిగిపెట్టండి. ‘అక్కడ కూడా నువ్వే తరుగుతావా’ అని అమ్మ అడుగుతుంది, అవునని చెప్పండి.